జల్దీ వద్దన్న సారు

మా ల్యాబు పెద్దసారు పోయారని ఆదివారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేశాడు. సంగారెడ్డి నుంచి బస్సెక్కి వాళ్ల ఊరు చేరేసరికి సారును వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించాలి. నీళ్ల ట్యాంకర్ కోసం పోయినవాళ్లు ఇంకా రాలేదు. ఇంటి వెనకే నిండు బావి ఉంది, దాని మీద రేకు కప్పి ఉంది.

తొంభైల్లో పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఆయన దగ్గర పనికి చేరాను. మందుకు కావలసింది అమైన్ అనే రసాయనం. దాన్ని అమైడ్ అనే సరుకు నుంచి తీసేవాళ్లం. అందుకు వాడే బూడిదరంగు పొడికి నీళ్లు తగిలితే భగ్గుమంటుంది. పనయ్యాక మిగిలిన పొడిని నీటిచుక్కలతోనే చల్లార్చాలి. చేరిన కొత్తలో తొందరపడి నీళ్లు ఒలకబోశాను. మంట లేచింది. సారు నన్ను రెక్క పట్టి లాగేశారు. ఈ కళ్లు ఇవ్వాళ ఉన్నాయంటే ఆయన చలవే. "జల్దీ వద్దు తమ్మీ. చుక్క చుక్క పొయ్యి" అన్నారు.

చివరికి తెల్లటి బురద మిగిలేది, సరుకు కంటే బురదే ఎక్కువ. అది గేటు దాటి ఎటు పోతోందో మేమెవరమూ అడగలేదు. సారు అడిగారు. ఫ్యాక్టరీకి దిగువనున్న వాళ్ల ఊళ్లో, అప్పటికే వాళ్ల బావి నీళ్లు రంగు మారాయి.

ఆ పొడి మానేసి హైడ్రోజన్ వాయువుతో, చిటికెడు ఉత్ప్రేరకంతో అమైన్ తీయాలని ఆయన పంతం. డబ్బాలో అన్నం చల్లారిపోయినా వాయువును ఒత్తిడితో బిగించే ఆటోక్లేవు పాత్ర ముందు నుంచి లేచేవారు కాదు. "అన్నం ఆగుతది, ప్రెషర్ ఆగది" అనేవారు. నాలుగేళ్లకు ఫలించింది. అమైన్ తీశాక వేరుచేసిన నీటిని చిన్న సీసాలో పోసి నాకు చూపించారు. "సూడు తమ్మీ, మిగిలేది గిదే. ఉత్త నీళ్లు. గివి వాగుల కలిస్తే ఎవ్వలకేం పరేషాన్?" ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్క రోజే.

అప్పటికి నేను ప్రొడక్షన్‌కు మారాను. పెద్ద రియాక్టర్‌లో ఇది నడుస్తుందా అని యాజమాన్యం నన్నే అడిగింది. పాత పద్ధతిలో ఒక పూట పని దీనికి రెండు రోజులు పట్టేది. ఉత్ప్రేరకం రెండోసారికే చచ్చుబడేది. ఇంకో ఏడాది ఇస్తే కుదరొచ్చని నాకు తెలుసు. ఆ మాట అనలేదు. "నడవదు సార్" అన్నాను. ఫైలు మూసేశారు.

బయట సారు ముందు తల దించుకుని నిలబడ్డాను. "నువ్వు అబద్ధం చెప్పలే తమ్మీ. జెర జల్దీ చెప్పినవ్, అంతే" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆదివారం ఎండ ముదిరింది, ట్యాంకర్ జాడ లేదు. ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, టైమైతున్నది అంటున్నరు. నువ్వు కెమిస్టువు గదా, నువ్వే చెప్పు. గీ బాయి నీళ్లతోని నాయినకు తానం చేపియ్యొచ్చా?"

ఈసారి జల్దీగా చెప్పలేదు. వెనక్కి వెళ్లి రేకు జరిపి, వంగి చాలాసేపు చూశాను. మళ్లీ కప్పేసి వచ్చాను.

"వద్దు తమ్మీ. ట్యాంకర్ రానీ."

ఎండ సారు పాదాల మీదికి పాకింది. కొడుకు గొడుగు తెచ్చి నీడ పట్టాడు. అందరం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం.