కిటికీ సీటు కోసం ముందే ఎక్కిన వైనం

బేగంపేట నుంచి విమానాలు ఎగిరే ఆ కాలంలో, చౌక టికెట్ల విమానాల్లో సీటు నంబర్లు ఉండేవి కావు, ముందెక్కినవారిదే కిటికీ. కొంత అదనంగా చెల్లించినవారిని అందరికన్నా ముందు పిలుస్తామని మా విమాన కంపెనీవారు ప్రకటించారు. మా వంశంలో తొలి పట్టభద్రుణ్ణి కనుక, నిబంధనలను రెండుసార్లు చదివి, మా బాపుకూ నాకూ ఆ సౌకర్యం కొన్నాను. కారణం లేకపోలేదు. సిటీ బస్సులో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైన బాపు, బెంగళూరులోని మా అక్క ఇంటికి తొలిసారి విమానంలో వెళ్తూ, పైనుంచి చార్మినార్ ఎలా కనబడుతుందో చూసివచ్చి చెబుతానని ఇరానీ హోటల్లో మిత్రులందరికీ మాట ఇచ్చారు. వారిలో గాజుల దుకాణం భాయ్ మాత్రం, "కండక్టర్ సాబ్, నీకు నడుమ సీటే దొరుకుతది. పక్కోని చెవు తప్ప ఏం కనబడది" అన్నాడు.

మమ్మల్ని ముందే పిలిచారు. వరుసలో ఆగిపోయినవారి ముందునుంచి కాస్త తల ఎత్తుకునే నడిచాను. అయితే తలుపు అవతల ఉన్నది విమానం కాదు, విమానం దాకా తీసుకెళ్లే బస్సు (నిబంధనల్లో దాని ప్రస్తావన లేదు). బస్సెక్కి దాని తలుపు పక్కనే నిలబడ్డాం. అంతలో మిగతావారు వచ్చారు, బాపులోని కండక్టరు మేల్కొన్నారు.

"లోపలికి జరుగుండ్రి. ఎనక మస్తు జాగ ఉంది" అంటూ, ఆదర్శంగా ముందు తానే జరిగి, నన్నూ చివరిదాకా లాక్కెళ్లారు. మనం ముందు దిగాలి కదా అని నేను గొణిగితే, "అందరికి చెప్పేటోళ్లం మనమే తలుపు కాడ నిలబడ్తమా? సదువుకున్నోనివి, గా మాత్రం తెల్వదా?" అన్నారు. పరుగెత్తుకొస్తున్న ఒకాయన కోసం బస్సును కాసేపు ఆపించారు కూడా.

బస్సు ఆగింది. చివర ఎక్కినవారు ముందు దిగారు. మేము అందరికన్నా చివర. పరుగెత్తుకొచ్చిన ఆయనకు కిటికీ దొరికింది, ఆయన దాని తెర దించేసి నిద్రపోయాడు. బాపుకు ఆయన పక్కన నడుమ సీటు. ప్రయాణమంతా ఆయన చెవిని బాపు శ్రద్ధగా చూశారు.

రైల్లో తిరిగి వచ్చిన మర్నాడు హోటల్లో అందరూ చుట్టూ మూగారు. నేను తల దించుకున్నాను. బాపు చాయ్‌ను నింపాదిగా సాసర్లో పోసుకుని, "ఏం చెప్పాలె. అగ్గిపెట్టెకు నాలుగు మూలల పుల్లలు గుచ్చినట్టుంది" అన్నారు.

భాయ్ నమ్మలేదు. నావైపు తిరిగి, "నువ్వు సదువుకున్నోనివి, అబద్ధమాడవు. నువ్వు చెప్పు బేటా" అన్నాడు.

బాపు సాసరు పెదవుల దగ్గరే ఆగిపోయింది. నేను గొంతు సవరించుకుని, అది యథార్థమేననీ, ఉదయపు ఎండలో నైరుతి మినారు మాత్రం కొద్దిగా నీడలో ఉండిందనీ సవినయంగా సాక్ష్యమిచ్చాను. డిగ్రీ చేతికి వచ్చిన రోజున కూడా బాపు నన్ను అంత గర్వంగా చూడలేదు.

తరువాత ఎన్నోసార్లు కిటికీ పక్కన కూర్చున్నాను, చార్మినార్ ఒక్కసారీ కనిపించలేదు. ముందుగా ఎక్కడానికి అదనంగా చెల్లించడం దండగేనని అడిగినవారికి చెబుతుంటాను. కానీ ఆ నైరుతి మినారు మీది నీడ మాత్రం, ఎందుకో, నిజంగా చూసినట్టే గుర్తుంది.