ఒక సైజు పెద్దది

పిల్లలకు ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొనాలన్నది మా బావ ఫణి సిద్ధాంతం. తెనాలిలో ముగ్గురన్నదమ్ముల్లో ఆయనే పెద్ద. పెద్దవాడు కాబట్టి కొత్త బట్టలు ఆయనకే కుట్టించేవారు, కాకపోతే మూడేళ్ళ ముందుచూపుతో. ప్యాంటు అంచు లోపలికి మూడు మడతలు మడిచి కుట్టేవారట. ఏడాదికో మడత విప్పుకుంటూ హైస్కూలు దాటేశాడు.

ఇప్పుడు ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్‌లో మంచి ఉద్యోగం, సొంత టౌన్‌హౌస్. అయినా ఆ మడతల బుద్ధి పోలేదు. మా అక్క కూతురు మైత్రి బూట్ల ముందుభాగంలో ఎప్పుడూ టిష్యూ పేపర్ కుక్కి ఉండేది. చలికోటు చేతులు రెండు మడతలు. రెండేళ్ళకు ఆ కోటు ఒంటికి సరిపోయిన రోజున బావ పిల్లని హాల్లో నిలబెట్టి, గుండ్రంగా తిప్పి చూసి, "చూశావా, అన్నానా లేదా?" అనేవాడు. ఆ మాట అనడం కోసమే కొంటాడేమో అనిపించేది.

"నీ సంగతి తెలియనిదేముంది బావా, పెళ్ళాన్ని కూడా ఒక సైజు పెద్దదాన్నే చూసుకున్నావు" అనేదాన్ని. మా శాంతక్క ఆయనకన్నా రెండంగుళాలు పొడుగు. మరదల్ని కాబట్టి చెల్లిపోయేది.

మైత్రికి పన్నెండేళ్ళప్పుడు స్కూలు వాళ్ళు అక్వేరియానికి తీసుకెళ్ళారు. అద్దం వెనక ఒకామె నీళ్ళలో తేలుతూ చేపలకు మేత వేస్తోందట. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. "నాన్నా, నాకు లోపలికి వెళ్ళాలి. గ్లాస్ బయట కాదు."

గాలి సిలిండర్ కట్టుకుని అలా నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్‌లో ఆ వయసు పిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండా నీళ్ళలోకి దిగకూడదు. అక్కకి చెవుల బాధ, దిగలేదు. ఇక బావేమో కాలవ గట్టు పక్కన పుట్టి పెరిగి కూడా ఈత రాని మనిషి. నలభై అయిదేళ్ళ వయసులో కమ్యూనిటీ పూల్‌లో ఆరేళ్ళ పిల్లలతో కలిసి ఈత క్లాసులో చేరాడు. మేమంతా పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం మానలేదు, నేర్చుకున్నాడు. ఇక ముందు చెప్పబోయేదంతా ఆయన్ని తిట్టడమే కాబట్టి, ఈ ఒక్కటీ ముందే చెబుతున్నాను. ఆ పిల్ల కోసం ఆయన నీళ్ళ భయాన్నే మింగేశాడు.

తర్వాత సామాను కొనడం. పిండి కొద్దీ రొట్టె అన్నారు కదా, కొత్తవాళ్ళు ఏది కొనాలో, ఏది అద్దెకు తెచ్చుకోవాలో నెల రోజులు చదివాడు. గాలి పీల్చే యంత్రం, గాలి నింపుకునే జాకెట్ ఖరీదైనవి, అవి అద్దెకు. ముఖానికి పెట్టుకునే మాస్క్, కాళ్ళకు తెడ్లలాంటి ఫిన్స్, ఒంటికి రబ్బరు సూట్ మాత్రం సొంతవి. షాంటిలీలో డైవింగ్ సామాను అమ్మే కొట్లో మాస్క్ ఎలా చూడాలో మైత్రికి ఆయనే నేర్పాడు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో ఊపిరి లోపలికి పీల్చాలి. చేతులు వదిలేసినా మాస్క్ పడిపోకపోతే అది మన ముఖానికి కుదిరినట్టు. ఆరేడు చూశాక నీలంది ఒకటి అతుక్కుంది. మైత్రి రెండు చేతులూ చాపి, మాస్క్‌తోనే కొట్టంతా తిరిగిందట. అది ఖరీదైనదే, అయినా బావ మారు మాట్లాడకుండా కొన్నాడు.

సూట్ గురించి ఆ ముందురోజే నాకు పాఠం కూడా చెప్పాడు. "రేణూ, అది ఒంటికి అతుక్కోవాలి. లోపలికొచ్చిన కాసిని నీళ్ళు కదలకుండా ఉంటే మన ఒంటివేడికి అవే వెచ్చబడతాయి. వదులుగా ఉందనుకో, చన్నీళ్ళు వచ్చి పోతానే ఉంటాయి." తన సూట్ ఎంత కచ్చితంగా కొన్నాడంటే, తొడగడానికి అక్క వెనకనుంచి లాగాల్సి వచ్చింది.

మైత్రికి కూడా కొట్లో సరైన సైజు దొరికిందట. వేసుకుని మురిసిపోయిందట. బావ ఆమె భుజం దగ్గర రబ్బరు పట్టి చూశాడు. బిగుతుగా ఉండి పట్టు దొరకలేదు. ఎదిగే పిల్ల, వచ్చే ఏడాదికి ఇది పనికొస్తుందా అనుకున్నాడు. పై సైజు క్లియరెన్స్‌లో ఉంది. ఇంకేం, ఆ మనిషిని ఆపేవాళ్ళెవరు? నాకు చెప్పిన పాఠం ఆయనకే గుర్తు రాలేదు. పెద్దవాళ్ళ బట్టలకో శాస్త్రం, పిల్లల బట్టలకో శాస్త్రం ఆయన బుర్రలో వేరువేరు గదుల్లో ఉండేవి.

మే నెలాఖరున శిక్షణకు వెళ్ళాం. రెండు గంటల దూరంలో నీళ్ళు నిండిన పాత రాతి క్వారీ అది. రెండు రోజుల్లో నాలుగుసార్లు దిగితే డైవింగ్ వచ్చినట్టు కార్డు ఇస్తారు. ఆ కార్డుతో డిసెంబరులో ఫ్లోరిడా వెళ్ళి తండ్రీ కూతుళ్ళు జంటగా సముద్రంలో దిగాలని ప్లాన్. నేనూ అక్కా పులిహోర డబ్బా, దుప్పట్లు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం.

మొదటిసారి పైకి వచ్చేసరికి పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. బావ ముఖం వెలిగిపోతోంది.

"చాలా కోల్డ్‌గా ఉంది నాన్నా."

"చలి అనుకుంటే చలి. నాకు లేని చలి నీకెందుకమ్మా? కాస్త ధైర్యం తెచ్చుకో" అన్నాడు, ప్రేమగానే. మైత్రి తలూపి మళ్ళీ దిగింది.

మర్నాడు పొద్దున సగంలోనే పైకి పోదామని సైగ చేసిందట. గట్టెక్కాక పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట రావడం లేదు. ఇన్‌స్ట్రక్టర్‌తో ఇక తనవల్ల కాదని చెప్పేసింది. తర్వాత తండ్రివైపు తిరిగి, "సారీ నాన్నా" అంది.

బావ వంగి, ఆమె వీపు మీది జిప్ లాగాడు. లోపల్నుంచి నీళ్ళు బక్కెట్‌తో కుమ్మరించినట్టు ఆయన పాదాల మీద పడ్డాయి. జిప్ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. పిల్ల కార్డు పోయిందని బాధేమో అనుకున్నాను నేను. మిగిలిన డైవ్‌లు ఆయన్నైనా పూర్తి చెయ్యమని ఇన్‌స్ట్రక్టర్ అన్నాడు. "జోడీ లేకుండా నాకెందుకు" అని సామాను సర్దేశాడు. కారులో హీటర్ పెట్టి, ఇంకోసారి వద్దాంలే అన్నాడు. ఆ ఇంకోసారి రాలేదు.

మైత్రి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. స్విమ్ టీమ్ వద్దంది, స్కూలు స్కీ ట్రిప్ వద్దంది. "నాకు కోల్డ్ పడదు పిన్నీ. నాన్న స్ట్రాంగ్, నేను కాదు" అని నవ్వేసేది. ఆ మాట వినపడితే బావ ఏదో పనున్నట్టు గరాజ్‌లోకి వెళ్ళిపోయేవాడు. ఆయన పిసినారితనం మీద నేను ఎన్ని జోకులేశానో, ఈ సూట్ సంగతి మాత్రం నా కంట పడలేదు.

మొన్న ఆగస్టులో, మైత్రి కాలేజీకి వెళ్ళే ముందు శనివారం మధ్యాహ్నం, అందరం గరాజ్ సర్దుతున్నాం. రెండు సూట్లూ పక్కపక్కనే హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నాను.

"నాన్నది ఉంచండి, నాది ఇచ్చేయండి. క్విట్ చేసింది నేనే కదా" అంది మైత్రి నవ్వుతూ.

బావ అట్టపెట్టె మీద కూర్చున్నాడు. "నువ్వు క్విట్ చెయ్యలేదమ్మా. ఆ సూట్ నీకు వదులు. చన్నీళ్ళు లోపలికొచ్చి పోతానే ఉన్నాయి. అది నీ చలి కాదు తల్లీ, నేను కొన్న చలి."

మైత్రి ఆయనకెదురుగా వచ్చి నిలబడింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"జిప్ తీసినప్పుడే."

"అప్పుడే తెలుసా నాన్నా?"

"ఆ రోజే చెప్పాల్సింది. సిగ్గేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటానే నువ్వు పెద్దదానివైపోయావు."

"నేనే వీక్ అనుకున్నాను. ఇన్ని ఇయర్స్." గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. నాకు బావ మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను. సూట్ విషయంలో జరిగిన పొరపాటు చిన్నదే. ఆ పిల్ల తన గురించి తాను అనుకున్నది చిన్నది కాదు.

మైత్రి హ్యాంగర్ నుంచి తన సూట్ తీసుకుని లోపలికి వెళ్ళింది. మేమూ వెనకే వచ్చి హాల్లో కూర్చున్నాం. చాలాసేపటికి అది తొడుక్కుని వచ్చింది. మణికట్టు దగ్గర, మెడ దగ్గర, భుజాల దగ్గర ఎక్కడా వేలు దూరే సందు లేదు. చిన్నప్పుడు కోటుతో నిలబడే చోటే నిలబడి, తనంతట తనే ఒకసారి గుండ్రంగా తిరిగింది.

"సరిపోయింది నాన్నా" అంది.

'చూశావా, అన్నానా లేదా' అన్న ఎప్పటి మాటే వస్తుందని అక్కా నేనూ బావ నోటికేసి చూశాం. ఆ మాట రాలేదు.

"విప్పెయ్ తల్లీ" అన్నాడు.