కూర్చున్నందుకు ఒక్క స్టార్

చిక్కపేటలోని ఆ చీరల షాపులో పిల్లమ్మ కూర్చోగలిగిన చోటు ఒక్కటే: ఆడవాళ్ల టాయిలెట్లో బోర్లించిన బకెట్. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి మళ్లీ దించేదాకా నిలబడే ఉండాలి, బేరం ఉన్నా లేకపోయినా. షాపులో స్టూళ్లు లేక కాదు. ఎర్ర వెల్వెట్ కుట్టినవి వరసగా ఉన్నాయి. అవి కస్టమర్లకు. ఖాళీగా ఉన్నా కస్టమర్లవే. ఖాళీ స్టూలు పక్కన చేతులు కట్టుకుని నిలబడడం ఆమె ఉద్యోగంలో భాగం. ఏళ్ల తరబడి ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. బకెట్ మీద కాసేపు కూర్చుని, పాదాలు పిసుక్కుని, నీళ్లు పోసిన చప్పుడు చేసి బయటికి వచ్చేది.

నీళ్లు పోసిన చప్పుడు చేసి! కాసేపు కూర్చోవడానికి ఒక పెద్దావిడ అంత నాటకం ఆడాల్సి వచ్చింది. మనం చీరలు కొనే షాపులోనే.

పిల్లమ్మది మాలూరు పక్క తెలుగు కుటుంబం. భర్త పోయాక, కూతురిని చంకనేసుకుని ఈ షాపులో చేరింది. అప్పుడు యజమాని బైరప్ప. గోడ నుంచి గోడ దాకా తెల్లటి పరుపు ఉండేది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి కస్టమర్లూ, పనివాళ్లూ, గల్లా పెట్టె ముందు బైరప్పా అందరూ ఆ పరుపు మీదే. పిల్లమ్మ కాళ్లు మడుచుకుని కూర్చుని మణికట్టు ఒక్క విసురు విసిరితే, చీర కొంగు వెళ్లి సరిగ్గా ఎదుటి మనిషి ఒళ్లో విచ్చుకునేది. మధ్యాహ్నం బేరాలు పలచబడితే బైరప్ప బాలీసుకు ఆనుకుని కునుకు తీసేవాడు, వీళ్లు గోడకు ఆనుకునేవారు. బైరప్ప ధర్మాత్ముడని చెప్పడం లేదు. జీతం పెంచమంటే ఆయనకు చెవుడు వచ్చేది. అయినా ఆ పరుపు మీద యజమానీ పనివాళ్లూ ఒకే ఎత్తులో కూర్చునేవారు.

బైరప్ప కొడుకు చేతన్ పగ్గాలు పట్టాక పరుపు పోయింది. గాజు అరలు, నిలువుటద్దాలు, కళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లు వచ్చాయి. స్టాఫ్ కూర్చుంటే షాపు డల్లుగా కనిపిస్తుందని ఎవరో అతనికి చెప్పారట. అంతే, అది రూలైపోయింది.

కొన్నాళ్లకు పిల్లమ్మ పిక్కల్లో నరాలు ఉబ్బి నీలం తిరిగాయి. చీలమండ దగ్గర పుండు పడి, మానినట్టే మాని మళ్లీ చిట్లేది. ఆసుపత్రిలో డాక్టరు కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని, గంట గంటకూ కాసేపైనా కూర్చోవాలని చెప్పాడు. ఆమె నవ్వింది. "యాడ కూర్చునేది సామీ?" అంది.

చివరికి ధైర్యం చేసి చేతన్‌ను అడిగింది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్లవాడే కదా.

"చేతనప్పా, మాకూ ఒక స్టూలెయ్యప్పా. బేరం లేనప్పుడు కూర్చుంటాం. కాళ్లు మండుతాండాయి."

"నీకొక్కదానికైతే వేసేస్తా పిల్లక్కా. నీకేస్తే అందరూ అడుగుతారు."

"అందరికీ ఉండేది కాళ్లే కదప్పా?"

"స్వల్ప అడ్జస్ట్ చేస్కో అక్కా."

అడ్జస్ట్ చేసుకోవాల్సింది ఎప్పుడూ నిలబడినవాళ్లే. ఈ ఊళ్లో ఆ మాట కూర్చున్నవాళ్ల నోట తప్ప నేను విన్నది లేదు.

ఉపాయం చెప్పింది నేత్రావతి. పెళ్లయి ఏడాది తిరగని, నోటి దురుసున్న పిల్ల. కొత్త చీరలు వచ్చినప్పుడు ఇద్దరు చెరో చివరా పట్టుకుని వెలుతురుకు ఎత్తి, నేతలో చిల్లులున్నాయా అని చూస్తారు. అట్లా చీర పట్టుకుని ఇద్దరు నిలబడితే, దాని వెనక మూడో మనిషి నేల మీద కూర్చోవచ్చు. "అక్కా, డ్యామేజీ చూద్దాం దా" అంటే పిల్లమ్మకు కూర్చునే వంతు వచ్చిందని. కొన్ని వారాలు బాగానే సాగింది. ఎదురుగా నిలువుటద్దం ఉందన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

అద్దంలో చూసిన కస్టమరు ఒకావిడ ఫోటో తీసింది. సాయంత్రానికి షాపు పేజీలో పెట్టింది. ఒక్క స్టార్. "స్టాఫ్ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంటారు. కస్టమరంటే మర్యాద లేదు."

ఎవరీవిడ అని నేత్రావతి ఫోన్‌లో వెతికింది. మారతహళ్ళి మనిషి. ఆమె రాసిన పాత సమీక్షలు వరసగా ఉన్నాయి. దేవనహళ్ళి దగ్గర ఏదో రిసార్టుకు వెళ్లిందట. ఆఫీసు పనితో అలిసి అలిసి మనిషి కాకుండా పోయాననీ, అక్కడ రెండు రోజులు కాళ్లు చాపుకుని పడుకుంటే ప్రాణం లేచి వచ్చిందనీ రాసుకుంది.

"అక్కా, ఈయమ్మ కాళ్లు చాపుకుంటే రిసార్టుకు అయిదు స్టార్లంట. నువ్వు చాపుకుంటే మన షాపుకు ఒకటంట!"

"పోనీలేమ్మా. ఆయమ్మకీ కాళ్లు నొచ్చింటాయి," అంది పిల్లమ్మ.

నాకు పిల్లమ్మంత ఓర్పు లేదు. ఆ సమీక్ష రాసినావిడ పేరు తెలిసినా చెప్పను. చెబితే తప్పంతా ఆమెదేనని మీరు ఊపిరి పీల్చుకుంటారు. అలసట మనకు వస్తే జబ్బు, దానికి సెలవూ సానుభూతీ. మనకు చీరలు చూపించే మనిషికి వస్తే అది పొగరు. ఇట్లా అనుకునేవాళ్లు ఒక్క మారతహళ్ళిలోనే ఉన్నారా?

చేతన్ మండిపడ్డాడు. ఇంకోసారి ఎవరైనా కూర్చుంటే ఇంటికే అన్నాడు. స్టార్లు పడిపోతే పెళ్లి బేరాలు రావట.

ఆ వారంలోనే చింతామణి ఊరి నుంచి పెళ్లి బేరం వచ్చింది. ఇంటిల్లిపాదీ దిగారు, ముందు ఒక ముసలామె. వెల్వెట్ స్టూలును ఎగాదిగా చూసి, "దీన్ని ఎక్కేదానికి నేనేమన్నా కోడినా? పరుపెయ్యండప్పా!" అంది. చేతన్ పరుగున గోడౌన్ నుంచి జంపఖానా తెప్పించి, మీద తెల్ల దుప్పటి పరిపించాడు. ముసలామె చతికిలబడి పిల్లమ్మ వైపు చూసింది.

"నువ్వూ కూర్చోమ్మా. నువ్వు నిలబడి చూపిస్తే నాకు మెడ నొస్తాది."

పిల్లమ్మ చేతన్ వైపు చూసింది. అతను తలూపక తప్పలేదు. ఆమె కూర్చుంది. మణికట్టు విసిరింది. మళ్లీ కొంగులు వెళ్లి ఒళ్లో వాలడం మొదలైంది. పెళ్లికూతురి చీరలతో పాటు చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు కూడా అక్కడే తీసుకుని, మూటలు కట్టించుకుని వెళ్లారు వాళ్లు.

పిల్లమ్మ మాత్రం లేవలేదు.

"లే అక్కా. కస్టమర్లొస్తారు."

"వస్తే లేస్తా."

"అందరూ చూస్తాండారు, సుమ్నే గమ్మున లే."

"చూడనీప్పా. ఇంత బేరం కూర్చునే కదా చేసింది? నీ షాపేమన్నా కూలిపోయిందా?"

నేత్రావతి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చేతన్ అరవలేదు. చాలా మెత్తగా అన్నాడు: "నీకు రెస్టు కావాలక్కా. రేపట్నించి ఇంట్లోనే తీసుకో."

చూశారా? విశ్రాంతి అడిగిన మనిషికి విశ్రాంతినే శిక్షగా వేశాడు. నేత్రావతిని హెచ్చరించి వదిలేశాడు. ఇంటి అద్దె ఉంది కాబట్టి ఆ పిల్ల మళ్లీ నిలబడింది. తమాషా ఏమిటంటే, ఆ తెల్ల పరుపు షాపులో ఉండిపోయింది. ఓ మూల బాలీసులూ పూలూ పెట్టి, పెళ్లివారు ఫోటోలు దిగడానికి ఉంచాడు. కస్టమర్లు దాని మీద కూర్చుంటారు. పనివాళ్లు అంచున నిలబడి నడుము వంచి చీరలు చూపిస్తారు.

పిల్లమ్మ ఇప్పుడు చిక్కపేటలోనే పని వెతుక్కుంటోంది. ఏ షాపులోనూ ఆమెకు ఎన్నేళ్ల అనుభవమని అడగడం లేదు. "నిలబడగలవా?" అని అడుగుతున్నారు.

కేరళలో, తమిళనాడులో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఉండాలని చట్టం చేశారు. చట్టం ఉన్నంత మాత్రాన కుర్చీ దానంతట అది నడిచి రాదు. ఎవరో అడగాలి. పనివాళ్లు అడిగితే ఏమవుతుందో చూశారుగా. కస్టమరు అడిగితే జంపఖానా పరుగున వస్తుంది. అందుకే ఈ పని మీకు చెబుతున్నాను. ఈసారి చీరల షాపుకు వెళ్లినప్పుడు ముందు "మీరు కూర్చోండమ్మా" అనండి. కుర్చీ లేదంటే గల్లా దగ్గరికి వెళ్లి, పదిమందికీ వినబడేలా ఎందుకు లేదని అడగండి. సమీక్ష రాస్తే అదే రాయండి. ఆమెకు కుర్చీ వచ్చేదాకా ఒక్క చీర మడత కూడా విప్పించకండి.