గది మధ్యలో వినపడని కిక్‌డ్రమ్

మధురానగర్ హాస్టల్ గదిలో మూడు మంచాలు వేశాక నా కంప్యూటర్ బల్లకు మిగిలింది సరిగ్గా గది నడిమధ్య. ఊరంతా జావా నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఆ బల్ల ముందు కూర్చుని గొంతూ వాయిద్యాలూ కలిపి పాటలు మిక్సింగ్ చేసేవాణ్ణి. ఇంటికి మాత్రం నా జావా కోర్సు బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పేవాణ్ణి. అబద్ధాలు నాకు అప్పటికే అలవాటు.

పాడేది బోరబండ నుంచి వచ్చే నా స్నేహితుడు. అమీర్‌పేటలో జిరాక్స్ షాపులో పని. నోట్సులు కాపీ తీస్తూ కూనిరాగాలు తీసేవాడు. ఆ గొంతు విని నేనే వెంటపడ్డాను. పంజాగుట్టలో పాటల సీడీలు వేసే ఒకాయన మా పాట వింటానన్నాడు. నచ్చితే ఇద్దరికీ ఒక ఆల్బమ్. నా స్నేహితుడు ఆదివారాలన్నీ నా గదిలోనే గడిపాడు.

నా బాధల్లా కిక్‌డ్రమ్‌తో. పాట అడుగున దమ్ము దమ్ముమని పడే దెబ్బ అది. ఎంత పెంచినా నా కుర్చీలో చప్పగా వినపడేది. ఇంకా పెంచేవాణ్ణి. మూల మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న అతను మాత్రం మొహం చిట్లించేవాడు.

"దమ్ము మస్తు ఎక్కువైంది భాయ్. జర తగ్గియ్యి. నా గొంతు ఇనొస్తలేదు."

"నువ్వు పాడు చాలు. మిక్సింగ్ సంగతి నీకేం తెలుసు?" అన్నాను.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు పాపం.

పంజాగుట్టకు ఒక్కణ్ణే వెళ్ళాను. అతనికి సెలవు దొరకలేదు. ఆ సీడీలాయన పాటను పెద్ద స్పీకర్లలో పెట్టాడు. మొదటి దెబ్బకే బల్ల మీది గ్లాసు అదిరింది. ఆ మోత కింద గొంతు నలిగిపోయింది. నిమిషం విని ఆపేశాడు.

"పాడినాయన బాగానే పాడినట్టున్నాడండీ. మీరే ఒక్క ముక్కా విననివ్వలేదు" అన్నాడు. మళ్ళీ చేసి తెమ్మని అనలేదు.

తిరిగి జిరాక్స్ షాపుకు వచ్చేసరికి నా స్నేహితుడు మిషన్ ఆపి ఎదురొచ్చాడు.

"ఏమన్నడు భాయ్?"

"నీ గొంతు నచ్చలేదట" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"నా వల్ల ఇన్ని దినాల నీ మెహనత్ సుత ఖరాబైంది. మాఫ్ చెయ్యి భాయ్" అన్నాడు.

గదికి వచ్చి పాట పెట్టి, అతను కూర్చునే మూలలో కూలబడ్డాను. కుర్చీలో నాకు వినపడని కిక్ అంతా అక్కడుంది. ఆ గది మధ్యలో ఆ మోత చచ్చిపోతుందని, మూలల్లో పోగవుతుందని అప్పుడు తెలిసింది. ఇన్ని వారాలూ సరిగ్గా విన్నది అతనే. లేచి కిక్ సగానికి తగ్గించాను. గొంతు పైకి తేలింది. ఎంత మంచి గొంతో. ఏడుపొచ్చింది.

మర్నాడు ఆ పాటను సీడీలోకి ఎక్కించుకుని షాపుకు వెళ్ళాను. మిషన్ నడుస్తోంది, కూనిరాగం లేదు. నిజం చెబితే ఇక నా మొహం ఎక్కడ పెట్టుకోను? సీడీని సంచిలోనే ఉంచి, లేని అనుభవం రాసుకున్న రెజ్యూమే తీసి ఇచ్చాను.

"పది కాపీలు."

తీసి, అంచులు సర్ది, నా చేతిలో పెట్టాడు.

"జాబ్ వస్తది భాయ్, ఫికర్ చెయ్యకు."

వచ్చింది. అతను మళ్ళీ పాడగా మాత్రం నేను వినలేదు.