ఏటిగదిలో మా అత్తయ్య

మా మేనత్త పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను దేవుడి దగ్గర కూర్చుని వత్తులు చేసుకుంటున్నాను. "అత్తయ్య వెళ్ళిపోయిందక్కా" అన్నాడు. గ్యాస్ బండ వచ్చిందని చెబితే అన్నట్టే "సరే" అన్నాను. చేతిలో ఉన్న పత్తి అయ్యేదాకా వత్తులు చేసి, డబ్బాలో పెట్టి, మూత పెట్టాక గాని లేవలేదు. ఇవాళ్టి వరకూ కన్నీరు రాలేదు. రాకపోవడం తప్పేమోనని భయం వేస్తుంది. ఆ భయం కూడా ఇంకెవరికో వేస్తున్నట్టే ఉంటుంది. అస్థికలు ఎక్కడ కలుపుదామని మాత్రం అందరూ నన్నే అడిగారు.

ఆవిడ మా నాన్నకి అక్క. వాళ్ళు పుట్టిన ఇల్లు కపిలేశ్వరపురం వైపు ఒక లంకలో ఉండేది. గోదావరి ఏటేటా ఒడ్డు కోసుకుంటూ వచ్చి, ఒక వరదల కాలంలో ఆ ఇంటినీ, ఊరినీ కూడా కలుపుకుంది. తాతయ్య పిల్లలతో అమలాపురం వచ్చి ఒక పెంకుటిల్లు తీసుకున్నారు. అత్తయ్య పెళ్ళయి వెళ్ళి, భర్త పోయాక తిరిగి ఆ ఇంటికే వచ్చారు. నేనూ తమ్ముడూ ఆవిడ చేతుల్లోనే పెరిగాం.

అమలాపురం ఇంటికి ఆవిడ పాత ఇంటి పేర్లే పెట్టుకున్నారు. వీధి వైపు గది ఏటిగది. నాన్న సైకిలు పెట్టే చోటు పశువుల సావిడి. పడుకోబోయే ముందు "సావిడి తలుపు వేసేరంటర్రా?" అని అడిగేవారు. అక్కడ తలుపే లేదు. "వేసేం అత్తయ్యా" అనేవాళ్ళం. అప్పుడు గాని ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

"ఏటివైపు ఒక్కదానివీ వెళ్ళకే" అని వీధి గుమ్మం దగ్గర నాకు రోజూ చెప్పేవారు. దాంతో ఏరంటే వీధి అనుకున్నాను. బళ్ళో మాస్టారు 'ఏరు' అనే మాటతో సొంత వాక్యం రాయమంటే "మా ఏట్లో ఎర్ర బస్సు వెళ్తుంది" అని రాశాను. ఆయన దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు. ఏడుస్తూ ఇంటికి వచ్చి చెబితే అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తరవాత కొంగుతో నా మొహం తుడిచారు.

"బస్సు మునిగిపోయిందా?"

"లేదు."

"మరింకేం. మా ఏట్లో నీళ్ళు తక్కువండీ అని చెప్పు మీ మాస్టారికి."

మర్నాడు నిజంగానే చెప్పేశాను.

గోదావరిని ఆవిడ ఒక్కనాడూ తిట్టలేదు. కోపం రాదా అని నేనడిగితే "ఎందుకే? ఆవిడకీ ఓ ఇల్లు కావాలనిపించింది కాబోలు" అన్నారు. అప్పనపల్లి దర్శనానికి వెళ్ళినప్పుడు రేవులో దిగి, "ఇది వేరే పాయ, మనవైపుది కాదే" అనేవారు. అయినా ఆ నీళ్ళు నెత్తిన జల్లుకునేవారు, చుట్టాలావిడని పలకరించినట్టు.

పోయిన ఏడాది ఒకరోజు కూర తరుగుతూ తరుగుతూ ఆగి, "నన్ను మనింటి దగ్గర కలపండే. నీకు తెలుసుగా" అన్నారు. "ఆయ్, తెలుసత్తయ్యా" అన్నాను. ఏ గది పక్కన ఏ గది ఉండేదో తెలుసు. ఏ కిటికీలోంచి ఎండ పడేదో తెలుసు. అంత నీటిలో ఆ ఇల్లు ఎక్కడుందో తెలియదు. అడుగుదామనుకునేలోపే ఆవిడకి మాట పడిపోయింది.

అస్థికలు కలపడానికి ఆడవాళ్ళెందుకన్నారు పెద్దవాళ్ళు. "స్థలం అక్కకే తెలుసండీ" అని తమ్ముడు నన్ను కూడా పడవ ఎక్కించాడు. ఏటి మధ్యకి వచ్చాక పడవాయన ఇంజను ఆపి, "ఎక్కడండీ?" అన్నాడు. తమ్ముడు నా వంక చూశాడు.

"నాకూ తెలీదురా" అన్నాను.

"ఏట్లో కలిసిపోయిన ఆ ఊరా అండీ? మా నాన్నగారికే గుర్తు లేదండీ. ఏరు ఎన్నిసార్లు జరిగిందో" అన్నాడు పడవాయన.

మనసులో విష్ణు నామం చెప్పుకుంటున్నాను గాని అదీ నోటికొచ్చిన అలవాటే. పడవ తనంతట తానే వాలుకి పోయి, కొత్తగా వేసిన ఇసకమేట అంచుకి తగిలి ఆగింది. మేట మీద ఒకావిడ దోసపాదులకి నీళ్ళు పోస్తోంది. తమ్ముడు అక్కడే కలిపాడు. పూలు కాసేపు పడవ చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి.

"ఎవరండీ పోయేరు?" అని అడిగింది ఆవిడ.

"మా మేనత్తండి."

"అయ్యో. ఏ ఊరండీ ఆవిడిది?"

"ఈ ఊరేనండి" అన్నాను.

ఆవిడ బిందె కింద పెట్టి, తడి చేతులు తుడుచుకోకుండానే జోడించి, మా పడవ మలుపు తిరిగేదాకా పాదుల మధ్య అలాగే నిలబడింది.