నేను వదిలేసిన మూడో వైరు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్లు దాటిన రోజులవి. మావారికి లంబాసా దగ్గర బులిలేకాలో టీచరు ఉద్యోగం రావడంతో, సామానుతో పాటు మా కరెంటు గ్రైండరు కూడా తీసుకెళ్లాను. మన ప్లగ్గుకు గుండ్రటి పిన్నులు, అక్కడి సాకెట్టుకు ఏటవాలు చీలికలు. ప్లగ్గు కోసేసి, రెండు వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్లో బిగించాను. మూడో వైరును వదిలేశాను. గ్రైండరు చక్కగా తిరిగింది.

తాతల కాలంలో చెరకు తోటల కూలికి అక్కడికి వచ్చిన తెలుగువాళ్ల ఇంటి మనిషి, పక్కింటి లచ్చమ్మను అందరూ ఆజీ, అంటే నాయనమ్మ, అని పిలిచేవారు. నాతో తెలుగు మాట్లాడాలని రోజూ వచ్చేది. ఒక ఉదయం, "మా అమ్మ రాయి మీద రుబ్బుతుండె. ఈ మిషీన్ నేను దేఖాలి" అంటూ తడికాళ్లతో వచ్చి, తిరుగుతున్న గ్రైండరు అంచు పట్టుకుంది. చెయ్యి అతుక్కుపోయింది. నోరు తెరిచింది కానీ మాట రాలేదు.

భుజం పట్టుకుని లాగబోయాను.

"నై ఛూవో, స్విచ్ బంద్ కరో" అని, ముట్టుకోవద్దు, స్విచ్ ఆపమని, గుమ్మంలోంచి ఆమె కోడలు అరిచింది.

స్విచ్ ఆపగానే ఆజీ కుప్పకూలింది. వేళ్లు కాలాయి గాని, ప్రాణం దక్కింది. లోపల ఒక వైరు ఒరుసుకుపోయి గ్రైండరు ఒంటికి తగులుతోందని, నేను వదిలేసిన ఎర్తు వైరు ఉంటే ఇలా జరిగేది కాదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

ఆస్పత్రిలో ఆజీ నన్నే ఓదార్చింది. "రోవద్దు బేటీ. నీకు మాలూమ్ లేదు."

నిజానికి, ఆ మూడో వైరు ఎందుకో ఎవరినైనా అడగాలని మొదటి రోజే అనిపించింది. గ్రైండరు తిరుగుతోంది కదా అని ఊరుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు ఎన్నడూ నోరు రాలేదు.