వేలితో తట్టిన కూజా

మే నెల రెండో శనివారం, విదేశంలో షాంటిలీ అనే ఊరి దగ్గరి పాతవస్తువుల దుకాణంలో మా మేనకోడలు సుధ రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు స్టోన్‌వేర్, అంటే రాయిలా గట్టిపడేలా కాల్చిన మట్టి కూజా కొనబోతోంది. నీలి ఒంటిమీద తొమ్మిదిమంది గ్రీకు స్త్రీల తెల్లని బొమ్మలు. కుండ కొనేటప్పటి అలవాటుకొద్దీ వేలితో మూడుసార్లు తట్టాను.

"అత్తా, టచ్ చేయొద్దు. షాపాయన చూస్తున్నాడు."

"చూడనీ. ఇది మోగడం లేదే. ఎక్కడో పగిలింది, చెప్పు ఆయనకి."

సుధ నసుగుతూ ఆయన భాషలో చెప్పింది. ముసలి దుకాణదారు కోప్పడతాడనుకున్నాను. ఆయన టార్చిలైటు వేసి వెతికాడు. అడుగున అతికించిన గీత కనబడింది. కూజాకున్న ధర చీటీ మీద ఆ సంగతి తనే రాసి, లోపలినుంచి మరో నాలుగు కూజాలు తెచ్చాడు.

"ఇవి కూడా తట్టి చూడమంటున్నాడత్తా," అంది సుధ.

మూడు ఖంగున మోగాయి. నాలుగోదానికి తల అడ్డంగా ఊపాను. ఈసారి ఆయన టార్చి వెయ్యలేదు, నేరుగా చీటీ రాశాడు.